బోడిగుండుకీ మోకాలికీ ముడి పడుతుందా?

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. తమ్ముడు నాకంటే పదేళ్లు చిన్న. నాది పాటల పిచ్చి, వాడిది గేముల పిచ్చి. మూడు నెలల కిందట సరదాగా ఒక పట్టిక మొదలుపెట్టాం. ఎడమవైపు ప్రపంచాన్ని మార్చేసిన ఆల్బములు, కుడివైపు వాటికి సరితూగే గేములు, మధ్యలో సమానం గుర్తు. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' దగ్గర బండి ఆగిపోయింది. దానికి 'సూపర్ మారియో బ్రదర్స్' సమానం అంటాడు వాడు. నాలుగు కోట్ల కాపీలు అమ్ముడైందట. కాదు, జెల్డా గేముల్లోని 'ఆకరీనా ఆఫ్ టైమ్' అంటాను నేను. వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని మొత్తం చూశాను. అంత కథ, అంత సంగీతం మారియోలో ఎక్కడున్నాయి? మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పక్కన వాడు 'టెట్రిస్' రాస్తే కొట్టేశాను. మాటా మాటా పెరిగింది. 'నీ ఆల్బముల్లో హిట్ పాటలు తప్ప మిగతావి వినలేదు, వినలేను కూడా' అనేశాడు. వారం నుంచి ఫోన్ లేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడేస్తున్నారని మా ఆవిడ నవ్వుతోంది. అసలు ఇలా పోల్చడం కుదురుతుందా? కుదిరితే ఎలా?
— ఒక అన్నయ్య

జవాబు: కుదురుతుంది. మీ ఆవిడ నవ్వులో న్యాయం ఉంది గానీ, నవ్వాల్సింది మీ పోలికను చూసి కాదు. మధ్యలో మీరు పెట్టుకున్న ఆ సమానం గుర్తును చూసి. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు అమ్మకాల సంగతి తేల్చేద్దాం. మీ తమ్ముడు చెప్పిన నాలుగు కోట్ల లెక్క తప్పేం కాదు. కాకపోతే ఆ కాపీల్లో చాలావరకు విడిగా కొన్నవి కావు, గేములాడే యంత్రం (కన్సోల్) కొంటే పెట్టెలోనే వచ్చినవి. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రం మీద 'టెట్రిస్' మూడున్నర కోట్ల కాపీలు వెళ్లింది. అక్కడా అదే కథ. పాటలవైపు లెక్కలు మాత్రం ఏం శుభ్రంగా ఉన్నాయి? అమెరికాలో గోల్డ్, ప్లాటినం బిరుదులిచ్చే సంస్థ 2016 నుంచి 1,500 స్ట్రీములను, అంటే ఆన్‌లైన్‌లో పాటలు అన్నిసార్లు వింటే, ఒక ఆల్బముగా లెక్కేస్తోంది. ఇక 'మైన్‌క్రాఫ్ట్' 2023లో ముప్పై కోట్లు దాటింది. ఏ ఆల్బమూ దాని దరిదాపుల్లో లేదు. అమ్మకాలే కొలత అయితే పట్టికలో కుడివైపే గెలుస్తుంది, ఆట అక్కడితో అయిపోతుంది. కాబట్టి ఆ తక్కెడను పక్కన పెట్టమని తమ్ముడికి చెప్పండి. (మీరు చెబితే వినకపోతే నేను చెప్పానని చెప్పండి.)

బాగా అమ్ముడుపోవడం వేరు, గొప్పగా ఉండటం వేరు, తర్వాత వచ్చినవాళ్ల చేతికి పనిముట్టుగా మారడం వేరు. మీ పట్టిక 'ప్రపంచాన్ని మార్చినవాటి' గురించి కాబట్టి చూడాల్సింది మూడోదే. అమ్మకాలతో దానికి సంబంధం ఎంత తక్కువో చెప్పడానికి ఒకే ఏడాది పుట్టిన రెండు సంగతులు చెబుతాను. 1980లో రోలండ్ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రాన్ని తెచ్చింది. దాని చప్పుడు అసలు డ్రమ్ములా లేదని పెదవి విరిచారు. పన్నెండు వేలో ఎంతో చేసి 1983లో ఆపేశారు. అవి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకడం మొదలయ్యాక డబ్బులేని కుర్రాళ్ల చేతుల్లో పడ్డాయి. ఇవాళ హిప్‌హాప్‌లో ఛాతీలో దడపుట్టించే ఆ బేస్ దెబ్బను 808 అనే పిలుస్తారు. అదే 1980లో కాలిఫోర్నియాలో ఇద్దరు విద్యార్థులు 'రోగ్' అనే గేమ్ చేశారు. బొమ్మలు లేవు, తెర నిండా అక్షరాలే. హీరో కూడా ఒక గుర్తే. ఆడిన ప్రతిసారీ నేలమాళిగ కొత్తగా తయారవుతుంది, చచ్చిపోతే మళ్లీ మొదటికే. నలభై ఏళ్లు దాటినా ఆ పద్ధతిలో వచ్చే గేముల్ని 'రోగ్‌లైక్' అంటున్నారు. అలా పిలిచేవాళ్లలో ఎక్కువమంది అసలు 'రోగ్' మొహం కూడా చూసి ఉండరు. ఈ రెంటినీ ఒక వరుసలో రాయండి, ఎవరూ గొడవపడరు.

ఇప్పుడు మీ గొడవకి వద్దాం.

'సార్జెంట్ పెప్పర్' దగ్గర తమ్ముడి వైపే నా ఓటు. నొచ్చుకోకండి. వాడు చెప్పిన కారణం మాత్రం నాకు అక్కర్లేదు. బీటిల్స్ తొలి ఆల్బములో ఎక్కువ భాగం 1963 ఫిబ్రవరి 11న, ఒక్క రోజులో రికార్డయింది. వేదిక మీద పాడేదే స్టూడియోలోనూ పాడేశారు. 1966 ఆగస్టులో కచేరీలు మానేశారు. దాంతో ఒక బరువు దిగింది. ఇక చేసే ఏ పాటనూ జనం ముందు వాయించి చూపించక్కర్లేదు. 1966 నవంబరు నుంచి 1967 ఏప్రిల్ దాకా స్టూడియోలోనే కూర్చున్నారు. చేతిలో ఉన్నది నాలుగు ట్రాకుల టేపు యంత్రం, అంటే నాలుగు వరసల్ని విడివిడిగా పట్టేది. నాలుగూ నిండితే వాటిని కలిపి ఇంకో టేపు మీద ఒకటో రెండో ట్రాకుల్లోకి కుదించి, మిగిలిన చోట మళ్లీ రికార్డు చేయడం. ఒకసారి కుదించాక వెనక్కి పోవడం కష్టం, కాబట్టి ప్రతిసారీ తెగించి నిర్ణయం తీసుకోవాల్సిందే.

మారియో దగ్గరికి రండి. 1985. గేమ్ మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి కొన్ని పదుల రెట్లు ఉంటుంది. చోటు లేక ఆకాశంలో మబ్బుల బొమ్మనే రంగు మార్చి నేల మీద పొదలుగా వాడారు. సంగీతానికి కోజి కొండో చేతిలో ఉన్నవి మూడు సన్నటి స్వరాలు, ఒక గరగర చప్పుడు. మొత్తం నాలుగు. అక్కడ నాలుగు ట్రాకులు, ఇక్కడ నాలుగు చప్పుళ్లు. ఇది కాకతాళీయమే, ఇందులో ఏ రహస్యమూ లేదు, అయినా నాకెందుకో ముచ్చటేస్తుంది. పైగా మారియో ఎగిరినప్పుడు వచ్చే 'బొయ్' శబ్దానికి కూడా ఆ నాలుగింట్లోంచే ఒకటి ఇవ్వాలి. అందుకే ఎగిరిన ప్రతిసారీ పాటలో ఒక వరస క్షణం పాటు మాయమవుతుంది. చెవి పెట్టి వినండి, దొరుకుతుంది.

ఇంకో పోలిక ఉంది, అదే నన్ను తమ్ముడి వైపు లాగింది. రెండూ మొదటివి కావు. 'పెప్పర్' కంటే ఏడాది ముందే బీచ్ బాయ్స్ బృందం ఆల్బము 'పెట్ సౌండ్స్' వచ్చింది. దాని ప్రభావం తమ మీద ఎంత ఉందో బీటిల్స్‌లోని మెకార్ట్‌నీ దాచుకోలేదు కూడా. 'మారియో' కంటే ఏడాది ముందే నామ్‌కో కంపెనీ 'పాక్-ల్యాండ్'లో తెర పక్కకి జరుగుతూ పోయే పరుగు ఉంది. అప్పటిదాకా తలో చోట చెదిరి ఉన్నవాటిని ఒక చోటికి చేర్చి, 'ఈ పనిని ఇలా చేస్తారు' అని అందరికీ తెలిసేలా చేయడం ఈ రెంటి గొప్పతనం. 'పెప్పర్' తర్వాత ఆల్బమంటే పన్నెండు పాటల మూట కాదు, అట్ట దగ్గర్నుంచి ఒకే వస్తువు. పాటల సాహిత్యం అట్ట వెనక అచ్చేసి ఇచ్చారు. మారియో తర్వాత ఒక గేమ్ మొదటి నిమిషంలో ఆటగాడికి ఎలా నేర్పాలో తెలిసిపోయింది, అదీ ఒక్క మాట రాయకుండా.

మీరు చెప్పిన 'ఆకరీనా' మహా గేమే, అందులో సందేహం లేదు. 1998లో అది నేర్పినదాంట్లో గట్టిది శత్రువు మీద చూపు తాళం వేసినట్టు నిలిపే బటన్. 3డీలో కత్తి తిప్పే గేములన్నిటికీ ఆ తర్వాత అదే దారి. అయితే మీరు దాన్ని ఎంచుకున్నది ఆ బటన్ కోసం కాదు, కథ కోసం, పాటల కోసం. అంటే గేములోంచి ఆల్బములాంటి ముక్కని ఏరుకుని దాన్ని ఆల్బముతో పోల్చారు. పోలిక సులువే అవుతుంది మరి.

'థ్రిల్లర్', 'టెట్రిస్' జోడీని కొట్టేసి మంచిపని చేశారు. 1982లో వచ్చిన 'థ్రిల్లర్' చేసిన పెద్ద పని పాటను కంటికి అప్పగించడం. అందులోని 'బిల్లీ జీన్' పాట వీడియో వచ్చేనాటికి పాటల వీడియోలు వేసే ఎంటీవీ ఛానెల్లో నల్లజాతి కళాకారులు కనిపించడమే అరుదు. ఆ గోడ బీటలు వారింది. 1983 చివర్లో వచ్చిన 'థ్రిల్లర్' వీడియో పద్నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ, తీసింది సినిమా దర్శకుడు. దీనికి జోడీ కావాలంటే 1997 నాటి 'ఫైనల్ ఫ్యాంటసీ 7'ని చూడండి. మూడు సీడీలు, మధ్యమధ్యలో సినిమాలా నడిచే దృశ్యాలు. ఆడనివాళ్లు కూడా ఆగి చూసిన గేమ్. ఈ జోడీ నాకు నూటికి నూరుపాళ్లు నచ్చిందని చెప్పను, ఇంతకన్నా మంచిది తట్టలేదు.

మరి 'టెట్రిస్'? 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ చేసిన ఆ గేములో కథ లేదు, పాత్ర లేదు, ముగింపు లేదు. దాన్ని ఏ ఆల్బముతోనూ పోల్చలేరు, ఎందుకంటే అది రచన కాదు, ఛందస్సు. బ్లూస్ పాటల్లో ఎందరో వాడుకునే పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల) చట్రం లాంటిది. ఆ చట్రంలో ఎవరి జీవితం వాళ్లు పోసుకుంటారు. ఒక్క తేడా ఉంది. బ్లూస్ చట్రానికి యజమాని లేడు. టెట్రిస్‌కి ఉన్నాడు. దాన్ని అచ్చుగుద్దినట్టు కాపీ కొట్టిన ఒక ఫోన్ గేమ్ మీద 2012లో అమెరికా కోర్టు టెట్రిస్ వాళ్లకే తీర్పిచ్చింది. నియమాలు ఎవరి సొత్తూ కావు, ఆ ముక్కల రూపం, వాటి కూర్పు మాత్రం సొత్తే అని.

ఇక మీ పట్టికలో లేనిది, ఉండి తీరాల్సింది చెబుతాను. మీ ఉత్తరంలో ఎక్కడా 'డూమ్' పేరు, అదే తుపాకీతో రాక్షసుల్ని కాల్చే గేము పేరు, కనిపించలేదు. తమ్ముడు దాన్ని ఎలా వదిలేశాడో నాకు అర్థం కాలేదు. దానికి జోడీ ఏదో ముందు చెబుతాను.

1969లో విన్‌స్టన్స్ అనే బృందం ఒక రికార్డు వేసింది. దాని వెనకవైపు, అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోని బి సైడులో, 'అమెన్ బ్రదర్' అనే వాయిద్యాల పాట. అందులో ఒకచోట మిగతావాళ్లంతా ఆగిపోతే డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు వాయిస్తాడు. మహా అయితే ఏడు సెకన్లు. 1980లలో పాత రికార్డుల ముక్కల్ని పట్టుకుని మళ్లీ వాయించే శాంప్లర్ యంత్రాలు వచ్చాక ఆ ఏడు సెకన్లను కత్తిరించి, చుట్టూ తిప్పి, వేగం పెంచి వాడుకోవడం మొదలైంది. 1988లో ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్'లో ఉన్నది అదే. 1990లలో బ్రిటన్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత శాఖలు నిలబడ్డది దాదాపు దాని మీదే. వాడుకున్న పాటలు వేలల్లో ఉన్నాయి. కోల్‌మన్‌కి ఒక్క పైసా రాలేదు. 2006లో పోయాడు, తలదాచుకోవడానికి ఇల్లు కూడా లేని స్థితిలో. హక్కులు ఉన్న బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి 2015లో అభిమానులు చందాలు పోగేసి ఇరవై నాలుగు వేల పౌండ్లు ఇచ్చారు. అంతే.

'డూమ్' 1993 డిసెంబరులో వచ్చింది. మొదటి భాగం ఉచితం, కాపీ చేసి స్నేహితులకు పంచుకోమని వాళ్లే చెప్పారు. అసలు తెలివి లోపల ఉంది. గేమును నడిపే ఇంజన్ ఒకచోట, గదులూ రాక్షసులూ చప్పుళ్లూ వేరే ఫైలులో. ఆ ఫైలు మార్చితే గేమే మారిపోతుంది. కుర్రాళ్లు సొంతంగా లెవెళ్లు కట్టడం మొదలుపెట్టారు. 1996లో కంపెనీ అభిమానులు కట్టిన లెవెళ్లనే కొని కొత్త గేముగా అమ్మింది. 1997లో ఇంజన్ కోడునే బయటపెట్టేసింది. ఒకడి గేమును విప్పి ఇంకొకడు కొత్త గేము చేయడమన్న ఆ అలవాటులోంచే తర్వాత 'హాఫ్-లైఫ్'ని మార్చి 'కౌంటర్-స్ట్రైక్', 'వార్‌క్రాఫ్ట్ 3'ని మార్చి 'డోటా' పుట్టాయి. ఇవాళ స్టేడియాలు నింపి ఆడుతున్న పోటీల్లో పెద్దవి కొన్ని అలా పుట్టినవే.

ఏడు సెకన్ల డ్రమ్ము, ఒక గేము ఫైలు. అమ్మకాలు కలవవు, కథ కలవదు, రూపం కలవదు. అయినా మీ పట్టిక మొత్తంలో ఇంతకంటే గట్టి జోడీ రాదని నా పట్టు. రెండింటి నుంచీ జనం నేర్చుకున్నది ఒకటే: పూర్తయిన వస్తువుని విప్పి ముడిసరుకుగా వాడుకోవడం. తేడా కూడా రాయండి, అది చిన్నదేం కాదు. డూమ్ వాళ్లు తలుపు తీసి రమ్మన్నారు. కోల్‌మన్ ఇంటికి తలుపే లేదు.

ఇందుకే సమానం గుర్తు తీసేయమంటున్నాను. ఆ చోట ఒక క్రియ రాయండి. 'విప్పింది', 'కుదించింది', 'కంటికి చూపింది', 'చట్రం ఇచ్చింది'. రెండు వైపులకీ అదే క్రియ అతికితే వరుస ఉంటుంది, అతకకపోతే పోతుంది. ఇంకో షరతు: ఆల్బము పక్కన గేము, పనిముట్టు పక్కన పనిముట్టు. 808 పక్కన మారియోని కూర్చోబెడితే మళ్లీ మీ ఆవిడ నవ్వుతుంది. ఆ లెక్కన పైన నేను రాయించిన 'రోగ్' వరుస మీద కూడా తమ్ముడు అభ్యంతరం చెప్పొచ్చు. చెబితే వాడిదే గెలుపు.

అన్ని క్రియలూ రెండు వైపులా అతకవు, దానికో కారణం ఉంది. పాట మనం పిలవకపోయినా వచ్చి చెవిలో పడుతుంది. 1967 నాటి ఆల్బమును ఇవాళ ఫోన్‌లో నొక్కితే మోగుతుంది. గేముకి దాని యంత్రం కావాలి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మామూలుగా కొనుక్కోవడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. కాబట్టి గేముల ప్రభావం గేముల్లో కన్నా బొటనవేళ్లలో ఎక్కువ మిగులుతుంది. చేతిలోని కంట్రోలర్ మీద ఎడమ పుల్లతో నడవడం, కుడి పుల్లతో చూడటం ఇప్పుడు పిల్లలకు కూడా ఊపిరి తీసుకున్నంత సహజం. 2000లో 'ఏలియన్ రిసరక్షన్' అనే గేము అదే పద్ధతి పెడితే, ఈ భయానక గేములో అన్నిటికన్నా భయంకరం కంట్రోళ్లే అని ఒక సమీక్షకుడు రాశాడు. పాటల ప్రభావాన్ని చెవితో పట్టుకోవచ్చు. ఇది అలా కాదు, చేతికి మాత్రమే తెలుస్తుంది.

రెండు వైపులూ కలిసిపోయే వరుస ఒకటైనా ఉండాలనుకుంటే, జపాన్ బృందం యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా ఉంది. 1978లో వాళ్ల మొదటి ఆల్బము మొదలయ్యేదే వీడియో గేముల చప్పుళ్లతో. ఆ బృందంలోని హరుఓమి హొసోనో 1984లో నామ్‌కో గేముల సంగీతంతోనే ఒక రికార్డు తెచ్చాడు, మారియో రాకముందే. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే ధ్వనుల జాబితాలోకి కొండో చేసిన మారియో పాట 2023లో చేరింది, గేము సంగీతానికి అదే మొదటిసారి. 2025లో 'మైన్‌క్రాఫ్ట్' సంగీతం చేరింది. 'సార్జెంట్ పెప్పర్', 'థ్రిల్లర్' అందులో ఎప్పటినుంచో ఉన్నాయి. అన్నీ ఒకే జాబితాలో ఉన్నాయి, మధ్యలో ఎవరూ సమానం గుర్తు పెట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరంలో 'ఆకరీనా' గురించి రాస్తూ 'మొత్తం చూశాను' అన్నారు. ఆడానని రాయలేదు. తమ్ముడు 'హిట్లు తప్ప వినలేదు' అన్నాడని రాశారు. అంటే మీరు గేముని సినిమాలా చూసి తీర్పిచ్చారు, వాడు ఆల్బమును రింగ్‌టోన్‌లా విని తీర్పిచ్చాడు. ఈ మాట మీ ఇద్దరిలో ముందు ఎవరు ఒప్పుకోవాలంటే, పెద్దవారు కాబట్టి మీరే.

ఫోన్ చేయండి. పట్టిక ఊసెత్తొద్దు. 'పెప్పర్'ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో దాటేయకుండా, నీతో కూర్చుని ఒక్కసారి వింటాను, వినిపిస్తూ మాట్లాడను అనండి. మాట్లాడకపోవడం మీకు కష్టమని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. బదులుగా మారియో మొదటి లెవెల్ మీరు ఆడాలి, వాడు పక్కన కూర్చుని చూడాలి, వాడూ నోరు మెదపకూడదు. తెర ఎడమ పక్క మారియో నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు, అయినా కుడివైపే పోతారు. కొంచెం ముందుకి వెళ్లగానే గోధుమరంగులో కోపం మొహం వేసుకున్న బుడంకాయ లాంటిది ఒకటి మీ మీదికి నడిచి వస్తుంది. బహుశా దాన్ని తాకి చచ్చిపోతారు. నేనూ చచ్చాను, మూడుసార్లు. తమ్ముడు నవ్వితే నవ్వనివ్వండి. దాన్ని అక్కడ పెట్టిందే మీరు మొదటిసారి చావడానికి.